కార్డు మూసిన మనిషి

మా అన్నయ్య క్రెడిట్ స్కోరు నలభై ఒక్క పాయింట్లు పడిపోతే మళ్ళీ నిలబెట్టింది నేనే. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. నాలుగు నెలల్లో 751ని 786 చేశాను. ఆ తర్వాత మూడు నెలలకి అన్నయ్య పోయాడు. ఈ రెండింటికీ సంబంధం లేదని మా ల్యాబులో కరుణాకర్ గారు ఇప్పటికీ అంటారు. ఆయన మంచి మనిషి, అలాగే అంటారు. నాకు తెలుసు కదా.

నా పేరు ఇందుమతి. విశాఖలో మధురవాడ దగ్గర, కొండ వెనక రెండు గదుల పరిశోధనశాలలో పని. మూడు బ్యాంకులు మాకు కార్డుల లెక్కలు పంపిస్తాయి. ఒప్పుకున్న ఖాతాదారులవే, అదీ పేర్లు తీసేసి. మనిషికొక వరుస, వరుసకొక నంబరు. జనం క్రెడిట్ కార్డులు ఎందుకు మూసేస్తారో కనిపెట్టి చెప్పమని మాకిచ్చిన పని. తెలిస్తే మూయకుండా ఆపొచ్చని వాళ్ళ ఆశ. అంతకు మించి ఎవరికీ ఏ గొప్ప ఉద్దేశమూ లేదు.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని వరుసలు చూస్తున్నాను. సాధారణంగా కార్డు మూసేవాడు కొత్తది మూస్తాడు. పాతది ఉంచుకుంటాడు, ఎందుకంటే పాత కార్డు పోతే చరిత్ర వయసు తగ్గుతుంది, మొత్తం పరిమితి తగ్గుతుంది, చేసే ఖర్చు అంతే అయినా పరిమితిలో పెద్ద వాటాగా కనబడుతుంది, స్కోరు దిగుతుంది. ఈ మాత్రం ఇప్పుడు స్కూలు పిల్లలకి కూడా తెలుసు. కానీ కొందరున్నారు. ముందు బాకీ సున్నా చేస్తారు. కార్డు వాడినందుకు వచ్చిన బహుమతి పాయింట్లన్నీ ఒక్కరోజులో వాడేస్తారు. నెలనెలా వాటంతటవే కట్టుకుపోయే బిల్లులు ఆపేస్తారు. తర్వాత అన్నిటికంటే పాత కార్డు మూస్తారు. స్కోరు ఏమైపోయినా వాళ్ళకి పట్టదు.

అలాంటి వరుసలు అరవై దొరికాయి. ముప్పై ఎనిమిదింటికి చివర్లో ఒకే గుర్తు ఉంది. ఖాతాదారు మరణం.

టిఫిన్ డబ్బా మూసేశాను. వాళ్ళకి ముందే తెలుసు. ఒంట్లో రోగమో, మనసులో నిర్ణయమో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తమ వెనక ఎవరి మీదా భారం పడకూడదని సర్దుకుంటున్నారు. డాక్టరుకు చెప్పనిది, పెళ్ళానికి చెప్పనిది బ్యాంకు కౌంటర్లో చెబుతున్నారు.

కరుణాకర్ గారు బ్యాంకుల పని పక్కన పెట్టించారు. ఆ గుర్తులు పట్టే యంత్రం నేను తయారుచేశాను. వరుసకి నూటికి ఇన్ని అని మార్కు వేస్తుంది. ఎనభై దాటితే ఆ మనిషి ఫోన్ నంబరు ఒక్క రత్నావళి గారికి మాత్రం కనబడుతుంది. ఆవిడ రిటైరైన నర్సు. చేసేదల్లా ఫోన్ చేసి పలకరించడం. అందుకే యంత్రానికి పలకరింపు అనే పేరు పెట్టుకున్నాం.

మొదటి ఫోన్ నర్సీపట్నంలో ఒక చింతపండు వ్యాపారికి వెళ్ళింది.

"బాగున్నారా బాబూ?" అన్నారావిడ.

"ఎవరండీ?"

"పాత కార్డు మూసేశారటగా. ఊరికే పలకరిద్దామని."

ఆయన ఏడ్చేశాడు. మూడు నెలలుగా దగ్గితే రక్తం పడుతోందట, ఎవరికీ చెప్పలేదట. రత్నావళి గారు బతిమాలి, దబాయించి, ఆసుపత్రికి పంపించారు. ఆయన ఇప్పటికీ ఏటా మాకు చింతపండు పంపిస్తాడు. ఏడాదిలో అలా పదకొండు మందిని వెనక్కి లాక్కొచ్చాం. నాకు కొమ్ములు మొలిచాయి.

యంత్రంలో ఒక సూత్రం పూర్తిగా నాది. సర్దుకుంటున్నట్టు కనబడిన మనిషి మళ్ళీ కొత్త కార్డు తీసుకుంటే మార్కు బాగా తగ్గించాలి. రేపటి మీద ఆశ ఉన్నవాడే కొత్త కార్డు తీసుకుంటాడు. ఈ వాక్యం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. చూసినవాళ్ళంతా బాగుందన్నారు.

ఇక మా అన్నయ్య. పేరు భానోజీరావు. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. విజయనగరం గంటస్తంభం వెనక వీధిలో కాటాలు బాగుచేసే షాపు. బంగారం తూచే చిన్న కాటా దగ్గర్నుంచి బియ్యం బస్తాల కాటా దాకా ఏది తప్పు చూపించినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "నువ్వొక్కదానివి చాలవేటే పీక్కు తినడానికి" అనేవాడు.

నేను ఫ్లాటు కొనుక్కుందామనుకున్నాను. మాది చిన్న ల్యాబు, ఎన్నాళ్ళుంటుందో తెలీదని బ్యాంకువాళ్ళు హామీ సంతకం అడిగారు. హామీదారు స్కోరు 780 పైన ఉండాలన్నారు. అన్నయ్యది 792. నాకు దిగులు లేదు. జూన్‌లో సంతకాలు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున లోను కాగితాల్లో ఊరికే చూద్దునుగదా, 751!

వెంటనే ఫోన్ చేశాను.

"ఏం చేశావు?" అన్నాను, పలకరింపూ లేదు పాడూ లేదు.

"ఏటయిందే?"

"స్కోరు నలభై ఒకటి పడింది. ఏ కార్డు మూశావు?"

"అదా. పాతది. అవసరం లేదనిపించింది, మూసేశాను."

"పాతదా! పంతొమ్మిదేళ్ళ కార్డు! అన్నయ్యా, నీకు బుర్రుందా? మూసేముందు నన్నొక్క మాట అడగలేవా? ఊళ్ళో వాళ్ళందరికీ స్కోర్లు చెప్పేది నేను, నా హామీదారు వెళ్ళి పాత కార్డు మూసేశాడు. నా ఫ్లాటు గంగలో కలిపావు కదా!"

"ఓలమ్మ, అరవకే. నాకు నీ లోను సంగతి తట్టలేదు. ఇందూ, ఒక మాట..."

"నీ మాట తర్వాత. ముందు నేను చెప్పేది రాసుకో. పెన్నుందా?"

"ఉంది."

"మూసి ముప్పై రోజులు కాలేదు కాబట్టి తెరవమంటే తెరుస్తారు. రేపే వెళ్ళు. అక్కడే ఇంకో కొత్త కార్డు తీసుకో. కొత్తది తీసుకుంటే మొదట నాలుగైదు పాయింట్లు తగ్గుతాయి, కంగారు పడకు. పరిమితి పెరుగుతుంది, జూన్ నాటికి లేచిపోతుంది. రెండిట్లోనూ నెలకి కాస్త కాస్త వాడాలి. పాలు, పెట్రోలు, కరెంటు బిల్లు. గడువుకి ముందే కట్టేయాలి. రాశావా?"

"రాశాను."

"ఇందాక ఏదో అన్నావు?"

"ఏటీ లేదు. భోంచేశావా?"

పొద్దున తొమ్మిదింటికి భోజనమేమిటని నవ్వి పెట్టేశాను. నా బుద్ధి గడ్డి తింది. అరవై వరుసల్లో ఆ గుర్తు పట్టినదాన్ని నేనే. బాకీ సున్నా, పాత కార్డు ముందు మూత. ఇంట్లో మనిషి చేస్తే నాకు హామీదారు కనబడ్డాడు, అన్నయ్య కనబడలేదు. ఎవరైనా నన్నడిగితే, ఆ మూడు నిమిషాలు చాలు నా మీద కేసు పెట్టడానికి.

ఆ వారమే ల్యాబులో 7113 అనే వరుస సోమవారం 83కి వెళ్ళింది. రత్నావళి గారు మనవరాలి అన్నప్రాసనకని సెలవులో ఉన్నారు. గురువారం వచ్చి కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకుంటూ అడిగారు.

"7113 ఎనభై మూడన్నారు. ఇవాళ చూస్తే ఇరవై నాలుగుంది. చెయ్యనా వద్దా?"

నేను వెళ్ళి చూశాను. బుధవారం పాత కార్డు మళ్ళీ తెరిచాడు, కొత్తది తీసుకున్నాడు, దాని మీద పాలు కొన్నాడు.

"అక్కర్లేదండీ. చూశారా, కోలుకున్నాడు! కొత్త కార్డు కూడా. ఎవరో గట్టిగా పట్టించుకునే వాళ్ళున్నారు వెనకాల."

"అయినా ఒకసారి చేస్తే పోయేదేముంది ఇందుమతీ? నంబరు రాసుకున్నాను కూడా."

"ఫోన్ చేసేలోపు మార్కు యాభై కిందికి దిగితే చెయ్యకూడదని మనమే కదా పెట్టుకున్నాం. ఊరికే చేస్తే జనం భయపడతారు."

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టారు. ఆ వరుస చివర ఫలితం గడిలో 'కోలుకున్నాడు' అని నేనే టైపు చేశాను. ఆ రోజు అందరికీ జిలేబీ తెప్పించాను.

తర్వాత నాలుగు నెలలూ అన్నయ్యని ఫోన్‌లో వాయించేశాను. పెట్రోలు కొట్టించావా, బిల్లు వచ్చిందా, పరిమితిలో పదో వంతు దాటలేదు కదా. ఆయన ప్రతిదానికీ "అలగలగే" అనేవాడు. నెలాఖరుకి స్కోరు ఫొటో తీసి పంపేవాడు. 747, 758, 771. పరీక్షలో మార్కులొచ్చిన పిల్లాడిలా పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టేవాడు. నేను చప్పట్ల బొమ్మ పెట్టేదాన్ని.

జూన్‌లో సంతకానికి వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది.

"ఏంటిలా చిక్కిపోయావు?"

"ఎండలే. మీ విశాఖ ఉక్కకి కాయితం కూడా సన్నబడిపోద్ది."

బ్యాంకు ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. నేను పెసరట్టు తిన్నాను, ఆయన గ్లాసుడు మజ్జిగ తాగాడు. అది కూడా పూర్తిగా తాగలేదు. మేనేజరు కంప్యూటర్లో చూసి, "786. బాగుందండీ" అంటే అన్నయ్య నా వైపు చూసి కళ్ళెగరేశాడు. సంతకం ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టాడు. గుళ్ళో తలుపు తోసినంత భక్తిగా పెట్టాడనుకున్నాను. నేనంత గుడ్డిదాన్ని.

జులైలో గృహప్రవేశం. పాలు పొంగించి నేను వెనక్కి తిరిగేసరికి అన్నయ్య బాల్కనీలో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నడుం నొప్పన్నాడు. ఆగస్టులో షాపులోనే పడిపోయాడు. పక్క కొట్టువాళ్ళు ఫోన్ చేస్తే కారులో పరుగెత్తాను.

డాక్టరు చిన్నవాడు. నన్ను పక్కకి పిలిచి, "మీరేమవుతారు?" అన్నాడు.

"చెల్లెల్ని."

"పెద్దపేగులో గడ్డ. ఫిబ్రవరి ఆరో తారీఖునే రిపోర్టు ఇచ్చాం. అప్పటికి ఇంకా పాకలేదు, నెలలోపు ఆపరేషన్ చేయించుకోమన్నాం. మళ్ళీ రాలేదు. ఇప్పుడు కాలేయానికి పాకింది."

"ఇప్పుడు చెయ్యండి."

అతను తల దించుకున్నాడు.

ఫిబ్రవరి ఆరు రిపోర్టు. తొమ్మిది కార్డు మూత. పదమూడు నా ఫోన్. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. అన్నయ్య దగ్గరికి వెళ్ళేసరికి ఆయనే ముందు మాట్లాడాడు.

"డాక్టరు చెప్పేశాడేటి?"

"ఎందుకు చెప్పలేదు అన్నయ్యా? ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. ఆరోజు నువ్వే ఫోన్ చేశావు. స్కోరన్నావు." ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "సంతకం అయిపోనీ అనుకున్నాను. హామీ ఇచ్చేవాడికి ఇలాటి రోగముందంటే బ్యాంకోడు ఒప్పుకుంటాడా? నాలుగు నెలలే కదా, ఆగుద్దనుకున్నాను."

"ఫ్లాటు తగలెయ్యనా! నాకు ఫ్లాటెందుకు?"

"అలాగనకే. బాగుంది ఇల్లు. గాలొస్తంది." నవ్వబోయాడు. "నిజం చెప్పనా? కార్డు మూసినప్పుడు నాకింకేటీ తోచలేదు. ఇంక సర్దేసుకుందాం అనుకున్నాను. నువ్వు ప్రతి నెలా ఫోన్ చేసి పాలు కొన్నావా, పెట్రోలు కొట్టించావా అంటుంటే బాగుండేది. ఫోన్ ఎప్పుడొస్తాదా అని చూసేవాణ్ణి."

నేను ఆ మంచం పట్టెకి తల బాదుకున్నాను. ఆయన చెయ్యి నా తల మీద వేసి అలాగే ఉంచాడు. నేను ఫోన్ చేసింది అన్నయ్యకి కాదు, హామీదారుకని ఆయనకి తెలియదు. తెలిసినా ఏమీ అనేవాడు కాదు, నాకు అదే భరించలేకుండా ఉంది.

సెప్టెంబరు పంతొమ్మిదిన పోయాడు.

పదిహేను రోజులకి ల్యాబుకి వెళ్ళాను. అదే వారం, అదే పాత కార్డు, అవే పాలు, 7113 నా బుర్రలోంచి పోలేదు. నేరుగా రత్నావళి గారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"7113 నంబరు రాసుకున్నానన్నారు. చూపించండి."

"చూపించకూడదమ్మా. నువ్వే పెట్టిన రూలు."

"చివరి నాలుగంకెలు చెప్పండి చాలు."

ఆవిడ నా మొహం చూశారు. పుస్తకం తీశారు, వేలు పెట్టి వెతికారు. చదివారు. ఇరవై ఏళ్ళుగా నాకు నోటికొచ్చిన అంకెలు. ఆవిడకి అర్థమై పుస్తకం మూసేసి నన్ను పట్టుకున్నారు. మా ల్యాబు పేరు చూసి, చెల్లెలి కంపెనీయే కదా అని, అన్నయ్య బ్యాంకు ఫారంలో ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టి ఉంటాడు. అంతే అయ్యుంటుంది. చదవకుండా పెట్టే మనిషి కాదు.

"ఆరోజు చేసేదాన్ని," అని ఏడ్చారావిడ. "చేసుండాల్సింది."

"మీరు అడిగారు. నేనే వద్దన్నాను."

కరుణాకర్ గారు వచ్చి కూర్చోబెట్టారు. సెలవు తీసుకోమన్నారు. యంత్రం మరీ అంత పక్కాగా ఉండదని, నీ తప్పు కాదని చాలా చెప్పారు. నేను వినలేదు.

"యంత్రం తప్పు చెయ్యలేదు సార్. అన్నయ్యని పట్టుకుంది. నేను విడిపించాను. ఆ వరుస తప్పుగా నేర్పించాం, దిద్దాలి."

"ఎవరితోనైనా దిద్దిస్తాను. నువ్వు వద్దు."

"నాకే తెలుసు సార్ అందులో ఏం జరిగిందో."

7113 తెరిచాను. ఫలితం గడిలో 'కోలుకున్నాడు' తీసేశాను. మరణం, తేదీ పెట్టాను. కొత్త కార్డు తీసుకున్న చోట పక్కన ఒక గడి ఉంటుంది, కారణం తెలిస్తే రాయమని. ఇన్నాళ్ళూ ఎవరమూ అందులో ఏమీ రాయలేదు, రేపటి మీద ఆశే కారణం అనుకున్నాం కాబట్టి. నేను రాశాను. చెల్లెలు అడిగింది, తీసుకున్నాడు. తర్వాత బోర్డు మీద నా వాక్యం తుడిచేశాను. పాత మరకలా కాస్త మిగిలిపోయింది, నీళ్ళు పెట్టి మళ్ళీ తుడిచాను.

పలకరింపుకి మళ్ళీ నేర్పడానికి రెండు వారాలు పట్టింది. అన్నయ్య వరుసలో ఏమేం ఉందో అంతా చూసింది. సర్దుకున్న మనిషి ఉన్నట్టుండి లేచి కొత్త కార్డు తీసుకుంటే, తన కోసం ఏమీ కొనకపోతే, నెలనెలా అదే తారీఖున అవే పాలు, అదే పెట్రోలు, ఎవరో చెప్పినట్టు కొలిచి కొంటే, ఆశ వేరే, మాట వినడం వేరే అని తెలుసుకుంది. మేం కోలుకున్నారని మూసేసిన వరుసల్లోంచి ముప్పై ఒకటి మళ్ళీ పైకి లేపింది. రత్నావళి గారొక్కరూ ఇన్ని చెయ్యలేరు. రెండో హెడ్‌ఫోన్ తీసి నా ముందు పెట్టారు.

"నాకు పలకరించడం చేతకాదండీ," అన్నాను. "నేను అరుస్తాను."

"అరవకు. ఊరుకో. అవతలివాళ్ళు ఆగినప్పుడు నువ్వు కూడా ఆగు, అంతే."

మొదటి నంబరు ఎత్తలేదు. రెండో ఆయన ఇలాంటి ఫోన్లు చెయ్యొద్దని విసుక్కుని పెట్టేశాడు. మూడోది పాలకొండలో ఒకావిడ. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు వినబడుతోంది.

"బాగున్నారా అమ్మా?" అన్నాను.

"ఎవరండీ? బ్యాంకా? అన్నీ కట్టేశానండీ. మా అమ్మాయి నర్సింగ్ ఫీజుకని మొన్న కొత్త కార్డు కూడా తీసుకున్నాను. నాకేం, బాగానే ఉన్నాను."

"బ్యాంకు కాదమ్మా. ఊరికే."

ఆవిడ ఆగింది. నేను కూడా ఆగాను. నోటిదాకా వచ్చిన మాటలన్నీ పళ్ళ మధ్య బిగబట్టుకుని కూర్చున్నాను. అవతల మిషన్ ఆగిపోయింది.

"డాక్టరు దగ్గరికెళ్ళారా అమ్మా?" అన్నాను, వీలైనంత మెల్లగా.

ఆవిడ గొంతు పక్క గదిలో ఎవరూ వినకూడదన్నట్టు చిన్నగా ఉంది.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదండీ నేను. మీకెవరు చెప్పారు?"

"మా అన్నయ్య చెప్పాడమ్మా," అన్నాను.